ప్లంబరు మిగిల్చిన పిల్లనగ్రోవి

మా మనవరాలి పేరున కొరియర్‌లో ఒక పొట్లం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్న పాపానికి విప్పి చూశాను. లోపల తెల్లటి పీవీసీ గొట్టం. మిద్దె మీద ట్యాంకు నుంచి మా స్నానాలగదిలోకి దిగే గొట్టానికి తోబుట్టువు. దానికి 9 బెజ్జాలు. పక్కన ఒక చీటీ: కర్ణాటక వేణువు, 5 శ్రుతి, వెదురుతో సమానమైన నాదం. ఖరీదు 340 రూపాయలు.

"ఏమిటే ఇది? ప్లంబరు కోసి పారేసిన ముక్కకి ఇంత డబ్బు పోశావా?" అన్నాను.

"ముందు ఊది చూడు తాతయ్యా. తర్వాత తిడుదువుగాని" అంది.

నేను ముందు తిట్టాను. నా వరస అది. 76 ఏళ్ళు వచ్చాక మార్చుకోమంటే ఎక్కడ కుదురుతుంది? పైగా నేను ఈ ఊళ్ళో వేణువు గురించి నాలుగు మాటలు చెప్పగలవాడినని పేరున్నవాణ్ణి. పోస్టాఫీసులో ముద్రలు కొట్టినంత కాలమూ సాయంత్రాలు పిల్లనగ్రోవి ఊదాను. కచేరీలు చేసే స్థాయి కాదు. రామనవమి పందిట్లో ప్రధాన గాయకుడు రావడం ఆలస్యమైతే జనం లేచి పోకుండా కూర్చోబెట్టే స్థాయి.

మా రోజుల్లో పిల్లనగ్రోవి కొనడమంటే సంబంధం చూసినట్టే. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల కింద గంపల్లో పోసి అమ్మేవి పిల్లల ఆటకి. అసలువాటి కోసం నరసరావుపేటలో ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన వెదుర్ని అమావాస్య దగ్గరపడ్డాక కొట్టించేవాడు, పురుగు పట్టదని. ఏడాది పాటు వంటింటి అటక మీద పొగ తగిలేలా ఆరబెట్టేవాడు. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు కాదు, మూరెడు ఉండాలి. గోడ మరీ దళసరిగా ఉంటే పక్కన పెట్టేవాడు, మరీ పల్చనైతే పొయ్యిలో పెట్టేవాడు. నచ్చిన ముక్కని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, కళ్ళు మూసుకుని "ఇది పాడుద్ది" అనేవాడు. ఎర్రగా కాలిన చువ్వతో బెజ్జం పొడిస్తే లేచే పొగ వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది. ఆయన 'పాడుద్ది' అన్న మాట నా మనసులో శిలాశాసనమైంది. పాడేది వెదురు. మనం ఊపిరి అప్పిస్తాం, అంతే.

ఆ నమ్మకానికి రెండో సాక్షి మా గుడి సన్నాయి సాయిబు తాత. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది కొత్త సంగతి కాదు. ఎన్నో గుళ్ళలో తరతరాలుగా నాదస్వరం ఊదింది ముస్లిం కుటుంబాలే. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, తంజావూరు బాణీని తంజావూరువాళ్ళే మెచ్చేలా వాయించి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. మా సాయిబు తాతకి అంత పేరు లేదు. సుప్రభాత సేవకి ఆయన సన్నాయి లేవకపోతే మాత్రం మా ఊళ్ళో పాలవాడు కూడా లేచేవాడు కాదు. "కర్ర మంచిదైతే నేను ఊదక్కర్లేదు బాబూ, అదే పాడుకుంటది" అనేవాడాయన. నల్లగా నిగనిగలాడే ఆ సన్నాయిని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ కర్ర కథ కూడా చెప్పాలి. కుంభకోణం దగ్గర నరసింగంపేట్టై అని ఒక ఊరుంది. నాదస్వరాలకి పుట్టిల్లు. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అక్కడి ఆచారులు వాడేది ఆచ్చా కర్ర. మన సీమ అడవుల్లో ఏపి, నారేపి అని పిలిచే చెట్టే అది. పచ్చి చెట్టు కొట్టి చేయరు. పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలూ స్తంభాలూ కొని తెచ్చుకుంటారు. డెబ్బయి, ఎనభై, నూరేళ్ళు ఇంటి కప్పు మోసి ఆరిన కర్ర. మా రోజుల్లో పెంకుటిల్లు పడగొడితే దూలం ఎటు పోతుందని అడిగేవాళ్ళుండేవారు. ఇప్పుడు జేసీబీ వస్తుంది, ఒక్క పూటలో అంతా లారీకెక్కుతుంది. మంచి దూలాలుంటే రిసార్టుల అలంకరణకి పోతున్నాయి. అందులో ఎన్ని సన్నాయిలు పడుకుని ఉన్నాయో ఎవడికి కావాలి?

1930ల ప్రాంతంలో నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై అప్పటిదాకా వాడుకలో ఉన్న పొట్టి, కీచు గొంతు తిమిరి నాదస్వరాన్ని పక్కనపెట్టి, రంగనాథం ఆచారి చేత పొడుగాటి, మంద్రంగా పలికే పారి నాదస్వరం చేయించుకున్నాడు. ఇవాళ మనం వింటున్నది దాని సంతానమే. ఆ గొంతు మారడానికి కర్ర మార్చాడా? లేదు. పొడుగూ లోపలి దారీ బెజ్జాల చోటూ మార్చాడు. ఈ సంగతి నాకు ముందునుంచీ తెలుసు. తెలిసీ దాని అర్థం తలకెక్కలేదు.

పీవీసీ గొడవకి వస్తాను. వారం రోజులు ఆ గొట్టాన్ని బల్లమీద చూసినప్పుడల్లా నేను సణుగుతూనే ఉన్నాను. చివరికి మనవరాలు విసిగి, "సరే, పందెం. కళ్ళు మూసుకుని ఏది వెదురో ఏది ప్లాస్టిక్కో చెప్పు" అంది. ఇంజనీరింగు చదివే పిల్ల. ఏ మాటకీ రుజువు అడగడం నేర్చుకుంది. నేర్పినవాళ్ళకి నా దండాలు.

దాని కాలేజీలోనే చదువుతూ వేణువు నేర్చుకుంటున్న కుర్రాణ్ణి ఆదివారం పిలిచింది. మంచివాడే, కాళ్ళకి దండం పెట్టాడు. పడగ్గది గుమ్మానికి దుప్పటి కట్టారు. వాడు లోపల, నేను బయట పడక్కుర్చీలో. మూడు వేణువులు, మూడూ ఒకే శ్రుతి: 40 ఏళ్ళుగా నా చేతిలో ఉన్న వెదురు, వాడు కొత్తగా కొనుక్కున్న అస్సాం వెదురు, ఈ గొట్టం. ప్రతిసారీ మోహన ఆరోహణ అవరోహణ ఒక్కసారి. మొత్తం 10 సార్లు. ఏది ముందు, ఏది తర్వాత అనేది మనవరాలు చీట్లు తీసి నిర్ణయించింది. మా ఆవిడ పప్పు రుబ్బుతూ సాక్షి.

నేను 4 సరిగ్గా చెప్పాను. 'గుడ్డిగా చెప్పినా 3 తగిలేవి తాతయ్యా' అని లెక్క వేసి చూపించిందా పిల్ల. అంతటితో పోలేదు. 'ఆహా, ఇదీ వెదురంటే. ఆ తేనె చూడు' అని నేను తల ఊపింది రెండుసార్లూ పీవీసీకే. నా సొంత వెదుర్ని పట్టుకుని 'ఇదే మీ ప్లంబరు ముక్క, రేకు డబ్బా' అన్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక రోలు వదిలి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఓడినవాడు చేసే పనే నేనూ చేశాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు కుర్రాడి మీద పడ్డాను. "ఊదేవాడికి ఏది చేతిలో ఉందో తెలుసు కదా. కావాలని అన్నిటినీ ఒకేలా ఊదాడు" అన్నాను. ఆ మాటకి పిల్ల గొప్పగా సంతోషించింది. "కరెక్టు తాతయ్యా. ఇదే అనుమానం ఒకాయనకి వచ్చింది" అని ఫోను తీసింది. ఆ రాత్రి పదకొండు దాకా నాకు పాఠం చెప్పింది. నాకు సగం కోపం, సగం ఆసక్తి. పాఠం మాత్రం బాగుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఈ పేచీ మన ఇంట్లోది మాత్రమే కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరంలో థియోబాల్డ్ బోమ్ అని ఒక ఫ్లూటు విద్వాంసుడు, స్వర్ణకారుల ఇంటివాడు, 1847లో లోహంతో ఫ్లూటు చేశాడు. ఇవాళ పాశ్చాత్యులు వాయించేది ఆయన నమూనానే. పదార్థం గట్టిదనాన్ని బట్టి నాదం మారుతుందని ఆయనా గట్టిగా నమ్మాడు. అంతకుముందే పారిస్‌లో క్లాడ్ లోరాన్ అనే గడియారాల పనివాడు గాజుతో ఫ్లూట్లు చేసి 1806లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన 1813లో చేసిన ఒకటి అమెరికా అధ్యక్షుడు మాడిసన్‌కి వెళ్ళింది. 2022లో లిజ్జో అనే పాటగత్తె వాషింగ్టన్ సభలో దాన్ని వాయిస్తే అమెరికా అంతా రెండు పక్షాలై కొట్టుకుంది. ఆ గాజు ఫ్లూటు ఉన్నది అక్కడి జాతీయ గ్రంథాలయంలో, డేటన్ మిల్లర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఇచ్చిపోయిన దాదాపు 1,700 ఫ్లూట్ల మధ్య. మిల్లర్ కూడా నా పక్షమే! పల్చటి జింకు రేకుతో రెండు పొరల ఆర్గన్ గొట్టం చేయించి, పొరల మధ్య నీళ్ళు పోస్తూ ఊదితే నాదం మారిందని 1909లో రాశాడు. 'చూశావా' అని నేను తొడగొట్టబోయాను. 'ఆగు తాతయ్యా, అది పల్చటి రేకు' అంది. పల్చటి రేకు గోడ గాలి ఒత్తిడికి పొంగీ అణిగీ కదులుతుంది. గుండ్రటి, గట్టి గోడ అలా కదలదు. గొట్టం లోపల గాలి అన్ని వైపులకీ ఒకేలా నెడుతుంది. గుండ్రటి గొట్టం సాగాలంటే చుట్టూతా సాగాలి. అంత బలం మన ఊపిరికి లేదు.

ఆ అనుమానం వచ్చినాయన జాన్ కోల్ట్‌మన్. ఎక్స్‌రే పరికరాల మీద పనిచేసిన శాస్త్రవేత్త, ఇంటికొస్తే ఫ్లూటు వాయించుకునేవాడు. 1971లో ఆయన వెండి, రాగి, కర్రతో మూడు గొట్టాలు చేశాడు. లోపలి కొలతలన్నీ ఒకటే. ఊదే తల భాగం మూడింటికీ ఒకే రకం. ఊదేవాడు బరువుని బట్టి పోల్చుకోకుండా ఏర్పాటు చేశాడు. వినేవాళ్ళూ చెప్పలేకపోయారు, ఊదేవాళ్ళూ చెప్పలేకపోయారు. తర్వాత 2001లో వియన్నావాళ్ళు ఇంకా ఖరీదైన పరీక్ష చేశారు. ఒకే తయారీదారు, ఒకే నమూనా, ఏడు ఫ్లూట్లు. వెండిపూత నుంచి 24 క్యారెట్ల బంగారం, ఉత్త ప్లాటినం దాకా. ఏడుగురు ఆరితేరిన విద్వాంసులు. తేడా ఏమీ తేలలేదు. ఒకే మనిషి ఒకే ఫ్లూటు రెండుసార్లు ఊదితే వచ్చే తేడా ముందు లోహం తేడా లెక్కలోకి రాలేదు.

ఈ మాట విన్నాక నాకు ఒక్క విషయంలో మనసు చల్లబడింది. బంగారం ఫ్లూటు కొన్న షావుకారు పీవీసీ గొట్టం కొన్న మా మనవరాలి కంటే ఎక్కువ మోసపోయాడు. ప్లాటినం ఫ్లూటు కోసం 1936లో వరేజ్ అనే ఆయన సంగీతం కట్టి, దానికి పేరు కూడా ఆ లోహపు సాంద్రత అంకెనే పెట్టాడట, 21.5 అని. మన వాగ్గేయకారులు ఎవరూ కీర్తనకి కర్ర బరువు పేరు పెట్టలేదు. అంతవరకు మనం నయం.

'అయితే వీణ సంగతో?' అన్నాను ఆఖరి అస్త్రంగా. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. పనసైతేనే ఆ గొంతు అని అందరూ ఒప్పుకున్నదే. 'అక్కడ నువ్వు గెలిచావు' అందా పిల్ల. తీగ తనంతట తాను పెద్దగా వినపడదు. గుర్రం మీదుగా కుండని కదిలిస్తుంది, ఆ పనస చెక్క ఊగి గాలిని కదిలిస్తుంది. అంటే వీణలో కర్ర నిజంగానే పాడుతుంది. వేణువులో గాలి తానే తీగ, తానే కుండ. ఊదే బెజ్జం అంచు మీద ఊపిరి చీలి, గొట్టం లోపలి గాలిస్తంభం ఊగుతుంది. గోడ దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. వీణ న్యాయాన్ని వేణువు మీద రుద్ది నేను 60 ఏళ్ళు వాదించానన్నమాట.

'మరి కృష్ణుడు వెదురే ఎందుకు పట్టాడే? గోపికలు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి ఊరికే వచ్చారా?' అంటే, 'వాళ్ళు దుప్పటి వెనక నుంచి వినలేదుగా తాతయ్యా, ఊదేవాణ్ణి చూస్తూ విన్నారు' అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే కార్డు ముక్క రాయండి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కుంభకోణం కుంభేశ్వరస్వామి గుళ్ళో రాతి నాదస్వరం ఉందని ఎప్పుడో విన్నప్పుడు 'రాయి పాడటం స్వామి మహిమ' అనుకున్నాను. రాయికీ పనిలేదు, స్వామిని కూడా అంత శ్రమ పెట్టక్కర్లేదు. లోపలి దారి సరిగ్గా తొలిచిన శిల్పిది ఆ మహిమ. సాయిబు తాత కూడా గుర్తొచ్చాడు. 'కర్రే పాడుకుంటది' అన్న మనిషి రోజంతా చేసిన పనేమిటి? ఆయన దగ్గర సన్నాయి ఒకటే. శీవాళీలు మాత్రం డబ్బా నిండా ఉండేవి. శీవాళి అంటే నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీక. కావేరి ఒడ్డున పెరిగే గట్టి రెల్లుతో చేస్తారు. ఉడకబెట్టి, ఆరబెట్టి, నొక్కి, దారం చుట్టి, అంచు గీకి, నాలిక మీద తడిపి, ఊది చూసి, నచ్చక మళ్ళీ గీకి. సన్నాయి మెడకి దారాలతో నాలుగు వేలాడుతుండేవి, పక్కన సరిచేసే సూది. కింది వైపు బెజ్జాలు అయిదింటిలో ఏది ఎంత మైనంతో మూయాలో శ్రుతిని బట్టి చూసుకునేవాడు. పొగడ్త మాత్రం కర్రకి ఇచ్చేవాడు. తన పనిని తాను పొగుడుకోవడం ఆ తరానికి చేతకాదు. నేను ఆ పొగడ్త విన్నాను, పని చూడలేదు. పెద్దవాళ్ళ మాటలు వినడంలో ఈ ప్రమాదం ఉంది.

నరసరావుపేట ముసలాయనా అంతే. గోటితో కొట్టి కళ్ళు మూసుకున్నది నాకు గుర్తుంది. ఆ తర్వాత పూటంతా కూర్చుని బెజ్జాల అంచులు గాజుపెంకుతో గీకి, లోపల పీచు లేకుండా నునుపు చేసి, నూనె పట్టించి, తంబూరా పక్కన ఊది, ఒక్కో బెజ్జాన్ని వెంట్రుకవాసి పెంచుకుంటూ పోయింది మరిచిపోయాను. నాదం అక్కడ పుట్టింది. లోపలి దారి కొలత, బెజ్జం అంచు, గోడ మందం వల్ల ఊదే బెజ్జానికి వచ్చే లోతు, లోపలి నునుపు. ఇవి మారితే గొంతు మారుతుంది. వెదురుకైనా పీవీసీకైనా ఇదే లెక్క. మరి ఏడాది ఎందుకు ఆరబెట్టాడు, నూరేళ్ళ దూలం ఎందుకు వెతికారు అంటారా? పచ్చి కర్ర వంకర పోతుంది, చీలుతుంది, లోపలి దారి మారిపోతుంది. మా రెంటచింతల ఎండలకి ఎన్ని పిల్లనగ్రోవులు నిలువునా పగిలాయో నాకు తెలుసు, దారాలు చుట్టి చుట్టి వేళ్ళు నొప్పెట్టాయి. ఆరిన కర్ర కదలదు. కర్ర ఉద్యోగం పాడటం కాదు, కదలకుండా ఉండటం. పోస్టాఫీసులో నేను చేసిన ఉద్యోగం లాంటిదే.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. వినేవాడికి తేడా లేకపోవచ్చు, ఊదేవాడికి ఉంటుంది. వెదురు నా పెదవికి చల్లగా తగలదు, చెమట పీలుస్తుంది, వేళ్ళ కింద సన్నగా జలదరిస్తుంది. పీవీసీ మీద పెదవి జారుతుంది. నా చేతికి నచ్చిన దాన్ని నేను ఇంకో గంట ఎక్కువ ఊదుతాను. ఆ గంట నాదంలోకి వస్తుంది. దీన్ని ఏ వియన్నావాడూ కాదనలేడు. బాంసురీ విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ రకరకాల పదార్థాలతో ప్రయత్నాలు చేసి, చివరికి వెదురుకే వచ్చి, ముప్పై పైచిలుకు అంగుళాల పెద్ద బాంసురీ చేసుకున్నాడు. చెయ్యీ పెదవీ ఏం చెప్పాయో ఆయనకే తెలియాలి. ఇంకోవైపు, అమెరికా జాజ్‌లో చార్లీ పార్కర్ అంతటివాడు 1953 మే 15న టొరంటోలో ప్లాస్టిక్ శాక్సఫోను పట్టుకుని ఎక్కిన కచేరీని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటున్నారు. అదీ ఒప్పుకుంటాను. ఇన్ని ఒప్పుకోళ్ళు నా జీవితంలో ఒక్క రోజున ఎప్పుడూ జరగలేదు.

ఒప్పుకున్నాను కదా అని నోరు మూసుకుంటానని అనుకుంటున్నారేమో. ఇప్పుడే మొదలుపెడుతున్నాను.

పోయినేడు ఒక యాత్రాస్థలంలో, పేరు ఎందుకులెండి, ఒక దుకాణంలో 'అస్సలు సిసలు అస్సాం వెదురు' అని 2,800 పెట్టి ఒకటి కొన్నాను. పైన నెమలి రంగులు, పట్టు కుచ్చులు, పెట్టెకి మఖమలు. ఊదితే మధ్యమం ఒక ఊళ్ళో, పంచమం పక్క ఊళ్ళో. బెజ్జాల అంచుల్లో కాలిన బొగ్గు అలాగే ఉంది. లోపల పీచు వేలాడుతోంది. వెదురు నిజంగా మంచిదే, పాపం దాని తప్పేమీ లేదు. ఆ 340 రూపాయల గొట్టం తీసి చూస్తే ప్రతి అంచూ ఎవరో చేత్తో గుండ్రంగా గీకారు. కొలత చూసి పెట్టారు. తంబూరాకి పెడితే నిలబడింది. మా రోజుల్లో ముసలాయన చేసిన పని ఇప్పుడు పీవీసీ చేసే ఎవడో కుర్రాడు చేస్తున్నాడు. వెదురు పేరు చెప్పుకునేవాడు మానేశాడు. నా కోపం చిరునామా మారిందే తప్ప తగ్గలేదు.

దీని కన్నా పెద్ద మంట ఇంకోటుంది. మొన్న మాఘమాసంలో దగ్గరి బంధువుల పెళ్ళి. ఫంక్షన్ హాలు, ఏసీ, పూల గోడలు. మేళం పిలిచారు, అబద్ధం చెప్పకూడదు. ఇద్దరు సన్నాయిలు, ఇద్దరు డోళ్ళు. వాళ్ళని తీసుకెళ్ళి జనరేటరు పక్కన కూర్చోబెట్టారు, ఫోటోల్లో అడ్డం వస్తున్నారని. ముహూర్తానికి తాళి ఎత్తగానే గట్టిమేళం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? స్పీకర్ల నుంచి. ఈవెంటు కుర్రాడు ఫోనులో మీట నొక్కాడు. రికార్డు చేసిన సన్నాయి కూడా కాదది, కీబోర్డు మీద కొట్టిన సన్నాయి గొంతు. బయట జనరేటరు పక్కన ఆ పెద్దాయన శీవాళి తడుపుకుని నోట్లో పెట్టుకుని, సైగ కోసం లోపలికి చూస్తూనే ఉన్నాడు.

1962లో మురిపించే మువ్వలు సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో జానకమ్మ గొంతు పోటీ పడి పాడితే, మా ఊరి టూరింగ్ టాకీసులో రెండు ఆటలూ చూసి ఇంట్లో తన్నులు తిన్నాను. ఆ పాటలో ఊపిరి ఎక్కడ తీసుకున్నారో వినపడుతుంది. మేం గుక్కపట్టి లెక్కపెట్టేవాళ్ళం, ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అని. ఫోను సన్నాయి ఊపిరి తీసుకోదు. తీసుకోనక్కర్లేదు.

కర్ర ముఖ్యం కాదని శాస్త్రవేత్తలు ఎంతో ఓపికగా, గొట్టాలు చేసి, చెవులు పరీక్షించి తేల్చారు. ఊదే మనిషి కూడా ముఖ్యం కాదని ఈ ఈవెంటువాడు ఏ పరీక్షా లేకుండానే తేల్చేశాడు. మా మనవరాలికి ఈ మాట చెబితే, 'దీనికి మాత్రం నేను నీ పక్షమే తాతయ్యా' అంది. పెళ్ళి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ మేళం పెద్దాయన దగ్గర ఫోను నంబరు కూడా తీసుకుంది. తన పెళ్ళికట. ఇంకా సంబంధాలు చూడటం మొదలుపెట్టలేదు, మేళం కుదిరిపోయింది.

మీ ఇంట్లో పెళ్ళి కుదిరితే నాదొక్క మనవి. మేళంవాళ్ళు తెచ్చేది ఆచ్చా కర్ర సన్నాయో, ఫైబరుదో చూడకండి. నేనూ ఇకమీదట చూడను. వాళ్ళని మండపానికి పది అడుగుల లోపల, పురోహితుడి గొంతు వినపడేంత దగ్గరలో, జనరేటరుకి దూరంగా కూర్చోబెట్టండి. మైకు అక్కర్లేదు, సన్నాయికి ఎప్పుడూ అక్కర్లేదు. గట్టిమేళానికి సైగ చెయ్యడానికి ఇంట్లో ఒక పెద్దమనిషిని నిలబెట్టండి. తాళి పడ్డాక మొదటి బంతిలోనే వాళ్ళకి విస్తరి వెయ్యండి.